డాక్టరు చదువుకు తొమ్మిదో తరగతి లెక్క

డాలస్‌లో మా అక్క కూతురు హైస్కూల్లో చేరగానే "డాక్టర్నవుతా పిన్నీ" అంది. అమెరికాలో ఇంటర్ అయ్యాక నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరడం లాంటిది లేదు. నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష, మరో నాలుగేళ్ల మెడికల్ స్కూలు, ఆపైన రెసిడెన్సీ. మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లో హైస్కూలు నుంచే చేరే ఆరేళ్ల కోర్సుంది గానీ, అలాంటి సీట్లు బహు తక్కువ.

డిగ్రీ సీటుకు తొమ్మిదో తరగతి మార్కులూ లెక్కకొస్తాయి. అందుకే బయాలజీ, కెమిస్ట్రీ, లెక్కల్లో పునాది గట్టిగా వేసుకోమన్నాను. పది క్లబ్బులెందుకు? వారం వారం వృద్ధాశ్రమంలో సేవ చేస్తే చాలు, అదీ ఏళ్ల తరబడి. రోగుల దగ్గర కూర్చోవడం తనకు నచ్చుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. తల్లిదండ్రులారా, వేసవి కోచింగుకు డబ్బు కట్టేముందు పిల్లలకు ఆ అవకాశం ఇవ్వండి.