పిల్లల చేతి సున్నిపిండి

స్నానానికి సిద్ధం చేసుకొన్న నలుగుపిండితో పార్వతీదేవి బాలుని బొమ్మను చేసి ప్రాణం పోసిందనే కథ వినాయకచవితినాడు తెలుగువారి ఇళ్లలో వినిపిస్తుంది. పిండితో బొమ్మలు చేయాలనే ఉబలాటం పిల్లలకు సహజం. ఆ ఉబలాటమే ఆసరాగా, పండుగనాడు ఆత్మీయులకు అందించదగిన స్నానపు కానుకలను వారిచేత ఇంటనే తయారుచేయించవచ్చు.

క్షీరారామం వెలసిన పాలకొల్లు పట్టణం కొబ్బరి వ్యాపారానికి పేరెన్నికగన్నది. గోదావరి డెల్టాలోని ఈ ప్రాంతంలో స్నానానికి కావలసిన వస్తువులు అనేకం పెరటిలోనే లభిస్తాయి. ఒంటికి రాయడానికి కొబ్బరినూనె, పిండి కలపడానికి కొబ్బరిచిప్ప, ఒళ్లు రుద్దుకోవడానికి ఎండిన బీరకాయ పీచు అందుబాటులో ఉంటాయి. భోగినాడు తెల్లవారుజామున ఒంటికి నూనె రాసి, నలుగుపెట్టి, తలంటి పోయడం అనాదిగా వస్తున్న ఆచారం. కనుక పండుగకు పది రోజుల ముందే ఈ పని ప్రారంభించడం మంచిది.

ఒక కిలో పెసలకు పావుకిలో శనగపప్పు, 50 గ్రాముల పసుపుకొమ్ములు, గుప్పెడు వట్టివేళ్లు, కొద్దిగా గంధకచ్చూరాలు, గులాబీరేకులు, నారింజతొక్కలు చేర్చి, గలగలలాడేవరకు ఎండబెట్టాలి. చిన్నపిల్లలు రేకులు తుంచి, పప్పులో రాళ్లు ఏరుతారు. పెద్దపిల్లలు కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసి, తొక్కలను వేరే పొట్లం కడతారు. మరపట్టించే పని పెద్దలది. ఆడించిన పిండిని పలుచని బట్టలో జల్లించడాన్ని వస్త్రగాళితం అంటారు.

కుంకుడు తొక్కలోని సపోనిన్లు నీటిలో నురుగునిచ్చి జిడ్డును వదిలిస్తాయి. సున్నిపిండికి నురుగు లేదు. పప్పుపిండి రేణువులు ఒంటిమీది నూనెను పీల్చుకొని, రుద్దినపుడు మట్టిని, మృతకణాలను తొలగిస్తాయి. సబ్బులోని క్షారగుణం చర్మాన్ని పొడిబార్చవచ్చు. పిండికి ఆ దోషం తక్కువ.

అయితే పాతదంతా మేలైనదని భావించరాదు. కొందరు సున్నిపిండిలో కలిపే బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. దాని ప్రభావం ఉన్న చర్మం ఎండ తగిలితే కమిలిపోతుంది. కాబట్టి పిల్లల పిండిలో బావంచాలు వేయరాదు. పసుపుపొడిలో కృత్రిమ రంగుల కల్తీకి అవకాశం ఉన్నందున కొమ్ములనే వాడాలి. కుంకుడురసం కంట పడకుండా చూడాలి. పిండిని ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, దురద రాకపోతేనే ఒంటికి వాడాలి. తడి తగిలితే పిండికి బూజు పడుతుంది. అందుచేత పొడి సీసాలలో నింపి, తయారుచేసిన తేదీని, కలిపిన దినుసులను చీటీపై రాసి అంటించాలి.

సీసాకు బీరపీచు ముక్కను, కుంకుడు పొట్లాన్ని జతచేసి సంచిలో పెడితే కానుక సిద్ధమవుతుంది. సమీపంలోని నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ లేసు ముక్కతో సంచి మూతికి ముడివేస్తే అందం ఇనుమడిస్తుంది.

సున్నిపిండి పాళ్లు ఏ ఇంటివి ఆ ఇంటివే. అమ్మమ్మ గుప్పెడే కొలత, ఆమె ముక్కే పరీక్ష. రాసిపెట్టుకోని ఆ విద్య ఆమెతోనే అంతరించే ప్రమాదముంది. ఆమె పోసిన గుప్పెడును మనుమరాలు త్రాసులో తూచి, నోటుపుస్తకంలో రాసుకొన్న నాడు ఆ విద్య మరో తరానికి దక్కుతుంది. ఇచ్చిన కానుక నెలకో రెండు నెలలకో కరిగిపోయినా, ఆ రాత నిలుస్తుంది.