మండ్రోలప్ప అనే పేరు వెనక

పన్ను వసూలు చేసిన అధికారి పేరును కన్నబిడ్డకు పెట్టుకోవడం లోకంలో ఎక్కడో గానీ వినం. రాయలసీమలో అది జరిగింది. నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాలకు 1800లో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పేరు జనం నోట మండ్రోలప్ప అయింది. పల్లెల్లో మగపిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. కడప జిల్లా వేంపల్లె దగ్గర, పాపఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే గండిలో కథ ఇంకా ముందుకు పోయింది. రాముడి కోసం వాయుదేవుడు రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణం అక్కడ ఉందని, అది పుణ్యాత్ములకే, అదీ అవసానకాలంలోనే కనబడుతుందని స్థలపురాణం. మన్రోకు ఆ తోరణం కనిపించిందని సీమజనం చెప్పుకున్నారు. శిస్తు కట్టించుకున్న పరాయి దొరకు దేవుడి కథలో చోటిచ్చారు.

ఇంత అభిమానం ఎలా పుట్టింది? ఈనాటి ఆఫీసుల్లో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని వింటున్నామే, ఆ కోణం నుంచి చూస్తే కొంత అర్థమవుతుంది. తన మనసులో ఏం కదులుతోందో గుర్తించడం, ఎదుటివాడి కోపం వెనక ఉన్న భయాన్నో బాధనో పసిగట్టడం, దానికి తగ్గట్టు నడుచుకోవడం ఇందులోని సారం. పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1990లో దీన్ని సిద్ధాంతంగా రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాక లోకమంతా తెలిసింది. ఇప్పుడు కంపెనీల నుంచి బ్యాంకుల దాకా దీనిమీద శిక్షణ తరగతులు జరుగుతున్నాయి. వాటిలో చాలావరకు నేర్పేది మాటతీరు. అది అవసరమే. కానీ అసలు కష్టం మాట విన్న తరువాత మొదలవుతుంది. మన్రో కథలో అది కనిపిస్తుంది.

నిజాం నుంచి దత్త మండలాలు కంపెనీ చేతికి వచ్చేనాటికి బళ్లారి, అనంతపురం, కడప సీమల్లో సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల వెనక వేలాది సాయుధులు. శిస్తు అడగడానికి ఎవరొచ్చినా ఊళ్లు కోట తలుపులు వేసుకునేవి. ఆదోని సీమలోని తెర్నేకల్లు గ్రామస్థులు 1801లో ఎదురుతిరిగితే ఆ ఊరిమీదికి సైన్యమే నడిచింది.

మన్రోకు అప్పటికి 39 ఏళ్లు. గ్లాస్గోలో ఆస్తి పోగొట్టుకున్న వ్యాపారి కొడుకు. 1780లో సైనికోద్యోగానికి మద్రాసు వచ్చి, తరువాత బారామహల్‌లో రెవెన్యూ పని నేర్చుకున్నాడు. దత్త మండలాల్లో ఆయన ముఖ్యకేంద్రం అనంతపురమే అయినా, మొదటి నాలుగేళ్లు ఇంటిపట్టున ఉన్నది లేదు. గుడారాల్లోనే కాపురం. ఊరూరా తిరిగి రైతులను కలిసేవాడు.

ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీ జరిగే తీరులోనే ఆయన పద్ధతి తెలుస్తుంది. ఊరి రెడ్డి, కరణం, రైతులు ఒక్కచోట చేరతారు. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత కట్టాలి అన్నది అందరి ఎదుటే తేలాలి. ఈ యేడు కట్టలేనని ఒక రైతు అంటే, అతడి పరిస్థితి ఏమిటో తోటి రైతులను అడిగేవారు. అధికారి కోపంతోనో దయతోనో ఒక్కడే తేల్చే వ్యవహారం కాదది. లెక్క నలుగురి ముందు తేలితే చాటుమాటు మోసానికి చోటు తగ్గుతుంది. నలుగురిలో తన మాట విన్నారన్న గౌరవమూ రైతుకు దక్కుతుంది.

అలాగని మన్రోను దేవుణ్ణి చేయనక్కర్లేదు. పాలెగాళ్లను కఠినంగా అణచాడు. కంపెనీ ఖజానా నింపడమే ఆయన ఉద్యోగం. కరువు నేలమీద ఆ శిస్తు చాలా బరువు. ఆయన్ను మిగతావాళ్ల నుంచి వేరు చేసే పని 1807లో చేశాడు. ఏడేళ్లు విన్నదంతా కలిపి పై అధికారులకు ఒక నివేదిక పంపాడు: సర్వేలో నిర్ణయించిన శిస్తును నూటికి 25 వంతులు తగ్గించండి, బావుల కింద సాగయ్యే భూములకు ఇంకా ఎక్కువ తగ్గించండి అని. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఊళ్లను కౌలుకిచ్చే పద్ధతి పెట్టింది, రైతులు చితికిపోయారు. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక ఆ తగ్గింపు అమలైంది. రైతు గోడు కాగితంమీద పడ్డాక కూడా పదమూడేళ్లు ఆగింది! ఓపికగా వినే అధికారి కింద ఉండి, పైన వినేవాడు లేకపోతే ఏమవుతుందో సీమ రైతు తన ఒంటిమీద చూశాడు.

గవర్నరుగా 1824 చివర్లో రాసిన అధికారిక అభిప్రాయపత్రం, అంటే మినిట్‌లో ఆయన ఇంకో మాట గట్టిగా వాదించాడు. భారతీయులను చిన్న జీతాల చిల్లర ఉద్యోగాలకే పరిమితం చేసి, నమ్మకుండా, వాళ్లలో నిజాయితీ లేదనడం అన్యాయమని. నమ్మి బాధ్యత ఇస్తేనే మనిషి దానికి తగ్గట్టు ఎదుగుతాడని ఆయన వాదం. ఈ కాలపు పరిశోధనలూ ఆ దారిలోనే ఉన్నాయి. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల బృందాలను పరిశీలిస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదైనట్టు కనిపించింది. అక్కడ నర్సులు పొరపాటును భయపడకుండా చెప్పేస్తున్నారు. మిగతాచోట్ల దాచేస్తున్నారు. మేనేజరు గొంతు పెంచే బ్యాంకు శాఖలోనూ, హెడ్మాస్టరు చిరాకుపడే బడిలోనూ చెడ్డ వార్త ఆయన టేబుల్ దాకా రాదు.

మన్రో ప్రభావం కడపకు మరో దారిలోనూ చేరింది. 1820లో మద్రాసు కాలేజీలో ఆయన ప్రసంగం విన్న యువకుల్లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. జనం భాష తెలియనిదే పాలన లేదన్న ఆ ఉత్సాహంతో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగుమీద పట్టు సాధించాడు. ఇక్కడ బంగ్లా కొని, పండితులకు సొంత జీతంలోంచి జీతాలిచ్చి, తాటాకు గ్రంథాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. పండితుల విద్వత్తుకు తలవంచి నేర్చుకున్న యజమాని ఆయన. ఆ బంగ్లా ఉన్న చోటే నేడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది.

మన కాలానికి వస్తే, అనంతపురం జిల్లా బుక్కాపురంలో పూర్వికుల మూలాలున్న, తరువాత మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, రోడ్డుమీద బిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తారని అడిగారు. అత్యవసర సేవకు ఫోన్ చేస్తానన్నాడు. ముందు బిడ్డను ఎత్తుకోవాలి కదా అని ఇంటర్వ్యూ చేసినాయన అన్నాడు. తనకు ఆ సంగతి తట్టలేదని నాదెళ్ల తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు. తరువాత సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకు పెంపకమే తనకు సహానుభూతి నేర్పిందని చెప్పాడు. పుట్టుకతో రాని గుణాన్ని బతుకులో నేర్చుకోవచ్చనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

కడప కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా కార్యక్రమం పేరు మారినా జనానికి అది గ్రీవెన్సే. పాసుపుస్తకంలో తప్పు పడినవాళ్లు, పింఛను ఆగిన ముసలివాళ్లు అర్జీ చేతబట్టుకొని వస్తారు. అక్కడ కూర్చున్న అధికారి మంచిగా మాట్లాడితే సగం బరువు దిగినట్టుంటుంది. మిగతా సగం తహసీల్దారు కచేరీలోనో సర్వే విభాగంలోనో దిగాలి. పరిష్కారమైందని ఫైలు మూసేముందు అర్జీదారుకు ఫోన్ చేసి, పని నిజంగా జరిగిందా అని అడిగే బాధ్యత ఒక మనిషికి అప్పగించవచ్చు. జరగలేదంటే ఎక్కడ ఆగిందో, ఏ నిబంధన మార్చాలో పైకి రాయించవచ్చు, మన్రో 1807లో రాసినట్టు.