పాట మీది, వ్యూస్ మీవి... మరి డబ్బు ఎవరిది?

2022 మొదట్లో మీ ఫోన్‌లో ఇన్‌స్టా ఉండి ఉంటే "కచ్చా బాదం" నుంచి తప్పించుకునే ఛాన్సే లేదు. బరాత్‌లో అదే, కాలేజ్ ఫెస్ట్‌లో అదే. మనలో చాలామంది అదేదో బాదంపప్పు పాట అనుకున్నాం. కానే కాదు. బెంగాలీలో బాదం అంటే పల్లీలు. పచ్చి పల్లీలు అమ్ముకునే ఒకాయన వీధిలో వేసే కేక అది. మన దగ్గర పాత ఇనుప సామాన్లకి ఉల్లిపాయలు ఇస్తామంటూ బండి మీద వస్తారు చూడండి, అచ్చం అలాంటి బేరమే.

ఆయన పేరు భుబన్ బద్యాకర్. పశ్చిమ బెంగాల్, బీర్భూమ్ జిల్లా. పాత గొలుసులు, పట్టీలు, పాడైపోయిన ఫోన్లు తీసుకుని బదులుగా పల్లీలు ఇచ్చేవాడు. ఆ బేరాన్నే పాటగా కట్టుకున్నాడు. బాణీ అక్కడి బావుల్ జానపదాల నుంచి తెచ్చుకున్నాడు. ఎవరో ఫోన్‌లో వీడియో తీసి పెట్టారు. ఇంకెవరో దానికి బీట్ కలిపి రీమిక్స్ చేశారు. ఇక చూస్కోండి, కోట్ల వ్యూస్.

ఆయనకి మాత్రం మొదట్లో ఏమీ రాలేదు. తర్వాత, 2022 ఫిబ్రవరిలో, ఒక మ్యూజిక్ కంపెనీ ఆయనతో 3 లక్షల రూపాయలకి అగ్రిమెంట్ చేసుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన మళ్లీ వార్తల్లోకొచ్చాడు. ఈసారి తన పాట తానే పాడి యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ పడుతోందట. హక్కులు రాసిచ్చేస్తున్నానని తెలియకుండానే సంతకం పెట్టానని ఆయన అంటాడు. ఇది ఆయన వైపు మాట, సరే. కానీ ఆయన పాట ఆయనకే ఎలా అడ్డం తిరుగుతుంది? అసలు విషయం ఇక్కడుంది.

మనం "పాట" అని ఒక్క ముక్కలో అనేస్తాం. చట్టం దృష్టిలో అది ఒకటి కాదు. రాసిన మాటలు ఒక ఆస్తి. కట్టిన బాణీ ఇంకో ఆస్తి. ఆ రెండిటినీ పాడించి చేసిన రికార్డింగ్ మూడోది, అది ఖర్చు పెట్టి చేయించినవాళ్లది. పాడిన గొంతుకి కూడా వేరే హక్కుంది. ఇంట్లో మీరే రాసి, మీరే పాడి, మీ ఫోన్‌లో మీరే రికార్డ్ చేస్తే ఇవన్నీ మీవే. ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు, పాట పుట్టగానే హక్కు కూడా పుడుతుంది.

అయితే యూట్యూబ్‌కి మీ ఊరు తెలీదు, మీ కష్టం తెలీదు. కంటెంట్ ఐడీ అనే సిస్టమ్‌కి ఎవరో ఒక ఆడియో ఫైల్ ఇచ్చి "ఇది మాది" అంటారు. అది మిగతా వీడియోలన్నిటినీ ఆ ఫైల్‌తో పోల్చుకుంటూ పోతుంది. ఎవరు ముందు రాశారన్నది దానికి పట్టదు, ఎవరు ఫైల్ ఇచ్చారన్నదే లెక్క. రాగం మ్యాచ్ అయినా పట్టుకుంటుంది. అందుకే మీ అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాట పెట్టినా ఒక్కోసారి ఎవరిదో క్లెయిమ్ పడొచ్చు. పాత జానపదం ఎవరి సొత్తూ కాదు, నిజమే, కానీ దాని మీద ఎవరో చేసిన కొత్త రికార్డింగ్ మాత్రం వాళ్లదే. సిస్టమ్ ఈ రెండిటినీ కలిపేస్తుంది.

అలా క్లెయిమ్ పడితే కంగారు పడి వీడియో డిలీట్ చేయకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ అంటే యాడ్ డబ్బు అవతలివాళ్లకి వెళ్లొచ్చు, మామూలుగా ఛానల్‌కి దెబ్బ కాదు. 90 రోజుల్లో 3 స్ట్రైకులు పడితే ఛానల్ పోయే ప్రమాదం. పాట మీదేనని గట్టిగా తెలిస్తే క్లెయిమ్‌ని డిస్ప్యూట్ చేయండి, జవాబివ్వడానికి అవతలివాళ్లకి 30 రోజుల టైమ్ ఉంటుంది. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు చేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బుని యూట్యూబ్ పక్కన పెట్టి ఉంచుతుంది.

ఇంకో సంగతి. బీట్ యాప్‌లో దొరికే ఫ్రీ లూప్ మీద పాట చేశారనుకోండి, దాన్ని కంటెంట్ ఐడీకి ఇవ్వకూడదు. అదే లూప్ వేలమంది వాడుంటారు, వాళ్లందరికీ మీరే విలన్ అవుతారు.

అన్ని కథలూ చేదుగా ఉండవు. శ్రీలంక అమ్మాయి యొహానీ 2021లో ఇంట్లో చేసినంత సింపుల్‌గా పాడిన "మణికే మగే హితే" గుర్తుందిగా? అది కవర్. ఒరిజినల్ 2020లో సతీశన్ పాడాడు, బాణీ చమత్ సంగీత్‌ది. ఒరిజినల్ కంటే కవర్ ఎన్నో రెట్లు పేలింది, 2022లో "థాంక్ గాడ్" అనే హిందీ సినిమాలోకీ ఎక్కింది. కవర్ ఎంత హిట్టయినా బాణీ మాత్రం కట్టినవాడిదే. మన యశ్‌రాజ్ ముఖాటేని చూడండి. "రసోడే మే కౌన్ థా"కి ముడిసరుకు ఒక సీరియల్ డైలాగ్. 2021లో పాకిస్తాన్ అమ్మాయి దనానీర్ "పావ్రీ" వీడియోని పాట చేసినప్పుడు ఆ మాట ఎవరిదో జనానికి తెలిసేలా చేశాడు. బార్డర్‌కి అటూ ఇటూ ఇద్దరికీ పేరొచ్చింది. మన దగ్గర 2024 సంక్రాంతికి "గుంటూరు కారం"లో వచ్చిన "కుర్చీ మడతపెట్టి" కూడా ఒక పెద్దాయన వైరల్ వీడియోలోంచి లేచిన మాటే కదా. నా లెక్కలో ఇలాంటప్పుడు పేరు వేయడం మర్యాద కాదు, బాకీ.

మరి రేపు మీ పాటే పేలితే? ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. అప్పుడు చట్టంలోని నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. నోటిమాటగా హక్కులు చేతులు మారవు, రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని అర్థం. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్ల కాగితంలో "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని ముందే టైప్ చేసి ఉంటుంది, ఆ లైన్ మీద వేలు పెట్టి అడగండి. అన్నిటికంటే పెద్దది 2012లో వచ్చిన సవరణ. హక్కు అమ్మేసినా సరే, మాటలు రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి రాయల్టీలో సమాన వాటా ఉంటుంది, దాన్ని వదులుకుంటున్నానని రాసిచ్చినా చెల్లదు. ఆ డబ్బు వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్‌ఎస్, అందులో మెంబర్ అవ్వచ్చు.

ఒరిజినల్ రికార్డింగ్ ఫైల్‌ని డేట్‌తో సహా డ్రైవ్‌లో పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపించాం కదా అని ఫోన్‌లోంచి తీసేయకండి. అగ్రిమెంట్ ఇస్తే ప్రతి పేజీ ఫొటో తీసుకుని, ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒకరితో చదివించుకోండి. ఫొటో తీసుకోనివ్వమంటే ఆ రోజుకి సంతకం పెట్టకుండా ఇంటికొచ్చేయండి.