ముట్టుకోకు చిన్నమ్మా!

‘ప్రెట్టీ ఉమన్’ చూశారా మీరు? 1990లో వచ్చిన హాలీవుడ్ సినిమా. జూలియా రాబర్ట్స్ చేతినిండా డబ్బు పట్టుకుని బెవర్లీ హిల్స్‌లో ఓ ఖరీదైన బట్టల షాపుకి వెళ్తుంది. అక్కడి సేల్స్‌గాళ్స్ ఆమె వాలకం చూసి, ధర చెప్పడానికి కూడా ఇష్టపడక బయటికి దారి చూపిస్తారు. ఆ తరువాత అదే జూలియా కొత్త బట్టల్లో, రెండు చేతులా సంచులతో తిరిగొచ్చి, వాళ్ళు పోగొట్టుకున్న కమీషన్ సంగతి గుర్తు చేసి మరీ వెళ్తుంది. ప్రేక్షకుల కసి తీరిపోతుంది!

అంత దూరం ఎందుకు, మన శ్రీదేవినే తీసుకోండి. 2012లో వచ్చిన ‘ఇంగ్లిష్ వింగ్లిష్’లో న్యూయార్క్ కాఫీ షాపు సీను గుర్తుందా? ఇంగ్లీషు రాక ఆమె తడబడటం, కౌంటర్లో మనిషి చిరాకు, ఆఖరికి కన్నీళ్ళతో బయటికి పరుగు... ఆ సీనుకి కళ్ళు తడవనివాళ్ళుంటే చేతులెత్తండి!

‘అవన్నీ సినిమా కథలు బాబూ’ అంటారేమో. ఓప్రా విన్‌ఫ్రీ కథ సినిమా కాదు. టీవీ ప్రపంచానికి మకుటం లేని మహారాణి ఆమె. 2013లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ నగరంలో ఓ షాపుకి వెళ్ళి, 38 వేల డాలర్ల హ్యాండ్‌బ్యాగ్ చూపించమంటే, ‘అది చాలా ఖరీదు, మీకు వద్దులెండి’ అన్నట్టు మాట్లాడి మరో బ్యాగు చూపించారని ఆవిడే చెప్పింది. షాపువాళ్ళు మాత్రం ‘అంతా అపార్థం’ అన్నారు. ఆ దేశపు టూరిజం సంస్థ క్షమాపణ చెప్పింది. ఓప్రాకే ఆ గతి పడితే మన గద్వాల చిన్నమ్మల సంగతేమిటి?

ఆ చిన్నమ్మ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను. హీరోయిన్ మా చిన్నమ్మ. విలన్ ఎవరో చివర్లో మీరే తేల్చండి!

చీటీ డబ్బులు, హవాయి చెప్పులు

2023 డిసెంబరులో ఓ సినిమా వేడుక గురించి రాయడానికి దుబాయ్ వెళ్ళాను. మా చిన్నమ్మ అప్పటికే అక్కడుంది. కూతురు అక్కడి ఆస్పత్రిలో నర్సు. చిన్నమ్మది గద్వాలలో మగ్గం ఉన్న ఇల్లు. పదేళ్ళ వయసు నుంచీ కండెలు చుట్టిన చెయ్యి ఆవిడది.

కూతురికి ఒక మంచి వస్తువు కొనివ్వాలని చిన్నమ్మ కోరిక. ఊళ్ళో చీటీ ఎత్తిన డబ్బుల్ని దిర్హములుగా మార్పించి, రుమాలులో మూట కట్టి రొంటిన దోపుకుంది. ‘పట్టు రుమాలు మెడకి చుట్టుకుంటరంట గదా ఈడ, అది కొందాంరా’ అంది. సరేనని ఓ పెద్ద మాల్‌కి తీసుకెళ్ళాను. ప్రపంచమంతా పేరు మోసిన ఫ్యాషన్ షాపు అది. పేరెందుకు లెండి!

చిన్నమ్మ వంటిమీద మావిడిపండు రంగు గద్వాల చీర. కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులు. కాళ్ళ వాపుకి మరేవీ పట్టవు.

గుమ్మం దగ్గరే మొదలైంది. తాడు కట్టి, దాని వెనక నిలబడమన్నారు. నిలబడ్డాం. మా తరువాత వచ్చిన రెండు జంటలు నవ్వుతూ లోపలికెళ్ళిపోయాయి. ఇరవై నిమిషాలయ్యాక మా వంతొచ్చింది. లోపల మా దగ్గరికొచ్చిన కుర్రాడు మన దేశంవాడే! చిన్నమ్మ వైపు చూడనైనా చూడకుండా, ‘సెంటు సీసాలు అటువైపున్నాయి సార్’ అన్నాడు నాతో ఇంగ్లీషులో. అన్నిటికన్నా చవకవి అవే మరి!

‘స్కార్ఫ్ కావాలి’ అన్నాను. అయిష్టంగా ఓ ట్రే బయటికి తీశాడు. చిన్నమ్మ చెయ్యి చాచింది. గుడ్డ మంచీ చెడూ చూడాలంటే ఆవిడకి తెలిసిన పద్ధతి ఒక్కటే... అంచు తిరగేసి చూడటం. కుర్రాడు ట్రే వెనక్కి లాగేశాడు.

సరిగ్గా అప్పుడు నేనేం చేశానో తెలుసా? ‘సారీ’ అన్నాను వాడితో. ‘ముట్టుకోకు చిన్నమ్మా!’ అన్నాను ఆవిడతో.

ఆవిడ వేళ్ళు ఆనిన గాజుబల్లని వాడు మెత్తటి గుడ్డతో తుడిచాడు. మేం బయటికొచ్చేశాం. రొంటిన మూట విప్పనేలేదు.

మెట్రో రైల్లో చాలాసేపు మాట్లాడలేదు చిన్నమ్మ. ఆ తరువాత మెల్లగా అంది:

‘అంచు చేత్తోనే చుట్టి కుట్టిన్రు రా. మిషన్ కుట్టు కాదు. ఎవరో గాని మంచి పనిమంతురాలు.’

రెప్పపాటులో అది కూడా చూసేసింది మహాతల్లి!

‘ఆ పిల్లగాడు జీతానికున్నోడు. ఆనికేం తెలుస్తది పాపం? నువ్వెందుకురా నన్ను ముట్టుకోకన్నవ్?’

నా దగ్గర జవాబు లేదు.

మూడు నాడెల ముచ్చట

గద్వాల చీర గురించి కాస్త చెప్పుకోవాలి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ నూలునీ ఈ పట్టునీ కుట్టి కలపరు, నేతలోనే కలుపుతారు. రెండు అంచులకీ రెండు నాడెలు, ఒంటికి ఒకటి. అవి కలిసే చోట పోగుకి పోగు మెలేస్తూ పోవాలి. దాన్నే కుప్పడం అంటారు. ఒక్క చీరకి రోజుల తరబడి పని. గద్వాలలోనే కాదు, రాజోలి, అయిజలలోనూ మగ్గాలున్నాయి. ఏటా బ్రహ్మోత్సవాలకి తిరుమల వెంకన్నకి ఏరువాడ జోడు పంచెలు నేసి పంపేది కూడా ఈ గద్వాలే. సంస్థానం రోజులనుంచీ వస్తున్న ఆచారం అది.

దేవుడికి బట్ట నేసి పంపే ఊరి ఆడపడుచుని, నేను గుడ్డ ముట్టుకోవద్దన్నాను!

గద్వాలలో క్లైమాక్స్

మూడు నెలల తరువాత చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆ డబ్బులతో కూతురికి గద్వాల చీరే కొని పంపుదామంది. తన మగ్గం మీదున్నది ఆర్డరు చీరట, ఇవ్వడానికి లేదు. నాగర్‌కర్నూలు నుంచి బస్సెక్కి, వనపర్తి మీదుగా వెళ్ళాను.

గద్వాల షాపులో తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చీర తరువాత చీర విప్పి ఒళ్ళో వేశారు. ‘చూశావా మర్యాదంటే ఇదీ!’ అన్నాను గర్వంగా.

అంతలో వనపర్తి దిక్కు పల్లెనుంచి ఓ ముసలమ్మ, పెళ్ళీడు మనవరాలితో వచ్చింది. దుమ్ము కాళ్ళు, వెలిసిన చీర. పై అరలో ఉన్న ఎర్రంచు చీర చూపించమంది. షాపు కుర్రాడు కదల్లేదు. ‘అవి రేటెక్కువ అవ్వా, నీవి అటు పక్కనున్నయ్’ అన్నాడు.

నా గర్వం అక్కడే దిగిపోయింది. దుబాయ్ దాకా పోనక్కర్లేదన్నమాట!

చిన్నమ్మ లేచింది. గట్టిగా అరవలేదు, పోట్లాడలేదు. ‘విప్పు బిడ్డా. చూస్తే అరుగుతదా? నేసినోళ్ళు చూడనీకే నేసిన్రు’ అంది. కుర్రాడు సిగ్గుపడి చీర దించాడు. ముసలమ్మ అంచు వేళ్ళతో నిమిరింది, తిరగేసింది, మనవరాలి భుజమ్మీద వేసి మురిసింది. ధర అడిగింది. తరువాత నిదానంగా మడతపెట్టి ఇచ్చేసి, తన డబ్బుకి తగిన చీర కొనుక్కుని నవ్వుతూ వెళ్ళింది.

సినిమాలో అయితే ముసలమ్మ కట్టలకొద్దీ నోట్లు తీసి కుర్రాడి ముఖాన కొట్టేది. మనం ఈలలు వేసేవాళ్ళం. కాని గౌరవం దక్కడానికి ముందు డబ్బు చూపించాలంటే, అది గౌరవమెలా అవుతుంది చెప్పండి? ఆ మాట జూలియా రాబర్ట్స్ సినిమా చెప్పలేదు. మా చిన్నమ్మ చెప్పింది.

ఇంతకీ విలన్ ఎవరో తేల్చారా? తాడు కట్టినవాడూ కాదు, ట్రే లాగినవాడూ కాదు. వాళ్ళు పరాయివాళ్ళు. మీరు రేపు అమ్మనో, చిన్నమ్మనో వెంటబెట్టుకుని అద్దాల షాపుకి వెళ్తే, ఆవిడ దేనికో చెయ్యి చాస్తే, చుట్టూ ఎవరు చూస్తున్నారోనని వెతక్కండి. నేను అనలేకపోయిన మాట మీరనండి.

‘పట్టుకుని చూడమ్మా!’