రాచపుండునకు రక్తపు దారులు

పైరునకు నీరెట్లో మన దేహమునందలి జీవకణములకు రక్తమట్లు. ఆమ్లజనిని, ఆహారమును తెచ్చి యిచ్చునది రక్తమే. మలినములను కొనిపోవునదియు రక్తమే. అందుచేతనే దాదాపు ప్రతి కణమును ఏదో యొక కేశనాళికకు మిల్లీమీటరులో పదవ వంతు, లేక అయిదవ వంతు దూరములోనే ఉండును. అంతకు మించిన దూరమునకు ఆమ్లజని చాలినంతగా వ్యాపింపజాలదు.

రాచపుండు, అనగా క్యాన్సరు, కణములకును ఈ నియమము తప్పదు. అదుపు లేక పెరిగిన కణముల గుంపు ఒకటి రెండు మిల్లీమీటర్ల గడ్డ అగునప్పటికి లోపలి కణములకు ఊపిరాడదు. ఆ గడ్డ అచటనే నిలిచిపోవలెను. లేదా క్రొత్త రక్తనాళములను తన యొద్దకు రప్పించుకొనవలెను. ఆ నాళములను అడ్డగించినచో గడ్డ పెరుగుదలను ఆపవచ్చునని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించెను. ఆనాడు పలువురు దీనిని నమ్మలేదు.

సంకేతము పుట్టు విధము

గడ్డ నాళములను ఎట్లు పిలుచును? కణములో హిఫ్-1 అను ప్రోటీను కలదు. ఆమ్లజని సమృద్ధిగా నున్నపుడు దానిలోని ముఖ్యభాగమును కణము ఎప్పటికప్పుడు నాశనము చేయుచుండును. ఆమ్లజని తగ్గగానే ఈ నాశనము ఆగును. మిగిలిన ప్రోటీను కేంద్రకములో చేరి అనేక జన్యువులను మేల్కొల్పును. ఈ ఏర్పాటును వివరించిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమానము లభించినది.

అట్లు మేల్కొను జన్యువులలో నొకటి వి.ఇ.జి.ఎఫ్. అను పదార్థమును తయారు చేయించును. రక్తనాళములనుండి ద్రవము కారునట్లు చేయు పదార్థముగా 1983లో హెరాల్డ్ డ్వోరాక్ బృందము దీనిని గుర్తించెను. నాళపు లోపొర కణములను పెంచు పదార్థమును 1989లో నెపోలియోన్ ఫెరారా వేరుపరచెను. రెండును ఒకటే యని పిమ్మట తేలినది.

గడ్డనుండి వెలువడిన ఈ పదార్థము సమీప నాళపు లోపొర కణములపై నున్న గ్రాహకములకు, తాళమునకు తాళపుచెవి వలె, అమరును. అంతట ఆ కణములు ఎంజైములను విడిచి చుట్టునున్న పొరను కరగించును. ఒక కణము ముందు నడచును. తక్కినవి విభజన చెందుచు దాని వెంట సాగును. ఆ వరుస బోలుపడి గొట్టమై, అందు రక్తము ప్రవహించును. గాయము మానునపుడును ఇదియే జరుగును. కాని అచట పని ముగియగానే సంకేతము ఆగును; గడ్డలో ఆగదు. అందుచేత గడ్డలోని నాళములు వంకరటింకరగా, ద్రవము కారుచు ఉండును.

క్లోమములో రెండు తీరులు

జీర్ణాశయము వెనుక నున్న క్లోమము జీర్ణరసమును, ఇన్సులిను వంటి హార్మోనులను తయారుచేయును. హార్మోను కణములనుండి పుట్టు గడ్డలు అరుదు. వానిలో రక్తనాళములు మెండు. అట్టి గడ్డలు పెరుగు ఎలుకలలో, గడ్డ పూర్తిగా ఏర్పడకమునుపే కొన్ని కణదీవులు నాళములను పిలువ నారంభించునని 1989లో హనహాన్, ఫోక్‌మన్ ప్రభృతులు చూపిరి. వి.ఇ.జి.ఎఫ్. గ్రాహకములను అడ్డగించు సునిటినిబ్ అను మందు వాడినపుడు, ఈ జాతి గడ్డ ముదరకుండ నిలుచు కాలము 5.5 నెలలనుండి 11.4 నెలలకు పెరిగినట్లు 2011లో ప్రకటింపబడినది.

ఎక్కువమందికి వచ్చునది జీర్ణరసపు భాగమునకు చెందిన గడ్డ. ఇదియు వి.ఇ.జి.ఎఫ్.ను విడుచును. కావున పెద్దప్రేగు క్యాన్సరునకు 2004లో అమెరికాలో ఆమోదము పొందిన బెవసిజుమాబ్ అను ప్రతిరక్షకమును దీనిపైనను ప్రయోగించిరి. ఇది వి.ఇ.జి.ఎఫ్.ను పట్టివేయును. 602 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2010లో వెలువడినవి. జెమ్‌సిటబిన్ అను మందుతో దీనిని చేర్చి యిచ్చినను ఆయుర్దాయము పెరుగలేదు.

కారణమేమి? ఈ గడ్డలో క్యాన్సరు కణములకంటె వానిని చుట్టుకొన్న గట్టి నారకణజాలమే తరచు అధికము. దాని ఒత్తిడికి నాళములు నలిగి మూసుకొనిపోవును. పిలుపు ఉన్నను దారి లేదు. క్యాన్సరు కణములు ఆమ్లజని కొరతకు అలవాటుపడి బ్రదుకును. కాలువ కట్టివేసిన మాగాణి వరి ఎండును గాని, కాలువ నీరెరుగని మెట్టపైరునకు కలుగు నష్టమేమి? పైగా మందు చేరవలసినదియు ఆ కొద్దిపాటి నాళముల గుండనే.

నారకణజాలమును పలుచన చేసినచో నాళములు హెచ్చి మందు లోనికి చేరునని 2009లో ఎలుకలలో కనుగొనిరి. ఆ మార్గము మనుష్యులలో మేలు చేయలేదు. ఆ నారయే కొంతవరకు గడ్డను కట్టడి చేయుచున్నదని 2014లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు సూచించినవి. కావున నాళములను కోయుటయా, చక్కబరచుటయా యను ప్రశ్నకు ప్రతి గడ్డకును ఒకే సమాధానము లేదు.

ఈ వ్యాధిని పూర్తిగా నయము చేయుటకు నేటికిని ముఖ్యమైన ఆధారము శస్త్రచికిత్సయే. అది వ్యాపింపకమునుపే సాధ్యము. పొగాకు దీనికి తెలిసిన కారణములలో నొకటి. కామెర్లు, కారణము తెలియకుండ చిక్కిపోవుట, నడివయసు దాటిన పిదప హఠాత్తుగా మధుమేహము కనబడుట - ఇవి ఇతర వ్యాధులలోను రావచ్చును. అయినను వానిని ఉపేక్షింపక వైద్యునికి చూపుకొనుట మంచిది.