బొగ్గుతో మొదలయ్యే విద్య

జపాను దేశంలో ఖడ్గనిర్మాణం నేర్వగోరి గురువు ఇంట చేరిన శిష్యునికి మొదటనే సుత్తి ఇవ్వరు. అతని చేతికి వచ్చేది బొగ్గు నరికే కత్తి. పైన్ చెట్ల బొగ్గును ఒక్కొక్క పనికి ఒక్కొక్క కొలతలో ముక్కలు చేయడం అతని తొలిపాఠం. ముక్కలు సమంగా లేకపోతే కొలిమిలో గాలి సమంగా ఆడదు. గాలి ఆడనిచోట వేడి నిలువదు. వేడి చాలని ఉక్కు అతుకుకొనదు. "బొగ్గు నరకడానికి మూడేళ్లు" అని ఆ వృత్తివారిలో ఒక నానుడి ఉన్నది. ముఖమంతా మసి పూసుకొని మూలన కూర్చున్న ఆ కాలంలోనే శిష్యుని చెవికి సమ్మెటదెబ్బ తెలుస్తుంది; కంటికి నిప్పురంగు తెలుస్తుంది.

ఈ విద్య నేడు చట్టపు హద్దులలో నడుస్తున్నది. అనుమతి గల కమ్మరి వద్ద నాలుగైదేళ్లకు తక్కువ కాకుండా శుశ్రూష చేసి, ప్రభుత్వ సాంస్కృతిక శాఖవారి ఎనిమిది రోజుల శిక్షణలో నేర్పు రుజువు చేసుకొన్నవానికే కత్తి చేసే అధికారం లభిస్తుంది. ఆ తరువాతనైనా నెలకు పెద్ద కత్తులైతే రెండు, చిన్నవైతే మూడు మించరాదు. శిష్యరికంలో సాధారణంగా జీతం ఉండదు.

ఖడ్గానికి కావలసిన ఉక్కు పేరు తమహగనె. ఇది ఖనిజపు రాతినుండి గాక ఇనుప ఇసుకనుండి పుడుతుంది. షిమానె ప్రాంతంలోని ఒకుఇజుమోలో 'తతర' అనే మట్టికొలిమిని చలికాలంలో వెలిగిస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఇసుకను, బొగ్గును విడువకుండా వంతులవారీగా పోస్తూనే ఉంటారు. ఒక్కసారికి సుమారు 10 టన్నుల ఇసుక, 12 టన్నుల బొగ్గు ఖర్చవుతుంది. చివరకు కొలిమిని పగులగొట్టి సుమారు రెండున్నర టన్నుల ముద్దను వెలికి తీస్తారు. అందులో కత్తికి పనికివచ్చే మేలురకం ఉక్కు టన్నుకు లోపే.

కమ్మరి ఆ ఉక్కుముక్కలను పేర్చి, కాచి, సాగగొట్టి, మధ్య గాటు పెట్టి మడచి, మళ్లీ సాగగొడతాడు. ఇట్లా పది పదిహేనుసార్లు మడవడం వాడుక. మడత మడతకూ పొరలు రెట్టింపు గనుక పదిహేను మడతలకు 32,768 పొరలు. ఈ లెక్క బడిపిల్లవాడైనా వేయగలడు. ఎప్పుడు ఆపవలెనో తెలియడమే విద్య. మడచినకొద్దీ చిట్టెం రాలిపోయి, కర్బనం అంతటా సమంగా సర్దుకొంటుంది. అతిగా మడిస్తే అదే కర్బనం తరిగి ఉక్కు మెత్తబడుతుంది. తరువాత గట్టి ఉక్కును పైతొడుగుగా, మెత్తని ఇనుమును లోపలి గుండెగా అమర్చుతారు. కత్తికి వాడి పైతొడుగువల్ల, విరగని ఓర్పు లోగుండెవల్ల కలుగుతాయి.

బొగ్గు నరికిన శిష్యుడు క్రమంగా దాగలి ముందుకు వస్తాడు. గురువు చేత చిన్నసుత్తి, శిష్యుల చేత పెద్ద సమ్మెటలు. ఎక్కడ కొట్టవలెనో, ఎంత బలంగా కొట్టవలెనో, ఎప్పుడు మానవలెనో గురువు సుత్తి చప్పుడే చెబుతుంది, నోటిమాట ఉండదు. ఎదుటివాడు వేసే ఆ జోడుదెబ్బను జపానీయులు 'ఐజుచి' అంటారు. సంభాషణలో ఎదుటివాని మాటకు ఊఁ కొట్టడానికీ వారి భాషలో అదే పేరు. తెలుగువారు 'కొట్టేది' ఊఁకారాన్ని, జపానీయులు కొట్టేది సమ్మెటను, భావం ఒక్కటే. వినడం తెలియనివాడు దెబ్బ వేయలేడు.

అన్నిటికంటె కఠినమైన ఘట్టం నీట ముంచడం. కత్తి వెన్నుకు మందంగా, వాదరకు పలుచగా మట్టి పూసి కాస్తారు. వేడిని కొలిచేది కన్నే గనుక కొలిమిశాలను చీకటి చేస్తారు. ఎరుపులో తగిన ఛాయ రాగానే కత్తిని నీట దించుతారు. మట్టి పలుచగా ఉన్న వాదర ఒక్కసారిగా చల్లబడి మిక్కిలి గట్టిపడుతుంది. వెన్ను నెమ్మదిగా చల్లబడి సాగుగుణం నిలుపుకొంటుంది. గట్టిపడే వాదర వ్యాకోచించడంచేత కత్తికి ఆ ప్రసిద్ధమైన వంపు వస్తుంది. రెంటి పొలిమేరలో తెల్లని అలవంటి గీత ఏర్పడుతుంది. ఛాయ తప్పితే నెలల శ్రమ క్షణంలో పగులుతుంది.

పూర్వం ఒక శిష్యుడు గురువుకు తెలియకుండా ఆ తొట్టిలో చేయి ముంచి నీటి వెచ్చదనం కనుగొనబోగా, గురువు ఆ చేయి నరికినాడని ఐతిహ్యం. నేటి గురువుకు అట్టి కాఠిన్యం లేదు. అయినా ఆ వెచ్చదనాన్ని మాటలలో చెప్పడం ఆయనకూ సాధ్యం కాదు. ముంచినప్పుడు పక్కన ఉన్నవానికే అది తెలుస్తుంది. ఈ విద్య గ్రంథస్థం కాకపోవడానికి గుట్టు కంటె ఇదే ముఖ్యకారణం.

అందుకే దీనికి గండం వచ్చినప్పుడెల్లా శిష్యుడే దీనిని నిలబెట్టినాడు. 1876లో కత్తి ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించగా కమ్మరులు వంటకత్తులకు, కొడవళ్లకు దిగినారు. గస్సాన్ సదకజు మాత్రం పట్టు విడువక ఆ విద్యను కుమారుడు సదకత్సుకు నేర్పినాడు. 1945లో యుద్ధానంతరం ఖడ్గనిర్మాణమే ఆగిపోయినది. 1953లో గాని తిరిగి అనుమతి రాలేదు. సదకత్సు శిష్యుడు తకహషి సదత్సుగు 1955లో 'సజీవ జాతీయ నిధి'గా గుర్తింపు పొందిన తొలి ఖడ్గకారుడు. సదకత్సు కుమారునికి 1971లో ఆ గౌరవమే దక్కినది. యుద్ధంతో చల్లారిన తతర కొలిమిని 1977లో పునరుద్ధరించగలగడం కూడ, పూర్వం ఆ పని చేసిన వృద్ధులు ఇంకా జీవించి ఉండడంవల్లనే.

ఇట్టి అదృష్టం తెలుగుగడ్డకు పట్టలేదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఒకప్పుడు మట్టిమూసలలో మేలైన ఉక్కు కాచేవారు. దానికోసం ఇరాన్ వర్తకులు అంతదూరం వచ్చేవారు. పాశ్చాత్యులు ఆ ఉక్కును పిలిచిన 'వూట్జ్' అనే పేరు 'ఉక్కు' నుండే పుట్టిందని పండితుల అభిప్రాయం. 19వ శతాబ్దిలో చౌకైన విదేశపు ఉక్కు ముంచెత్తగా ఆ కొలుములు ఆరిపోయినవి. నేడు పరిశోధకులకు అక్కడ దొరికేవి చిట్టెం గుట్టలు, మూసల పెంకులు. ఆ ఉక్కులో కర్బనం పాలెంతో రసాయనశాస్త్రం చెప్పగలదు; మూస దించవలసిన క్షణాన్ని కనిపెట్టిన కన్ను మాత్రం కాటికి పోయినది. ఆ చివరి కమ్మరి పక్కన బొగ్గు అందించే కుర్రవాడు లేకపోయినాడు.

జపానులోనూ ఇప్పుడు ఖడ్గకారుల సంఖ్య తరుగుతున్నది. జీతం లేని ఏళ్లకు ఓర్చుకొనే యువకులు అరుదు. నేర్చిన తరువాతనైనా ఆ పనితో బ్రతుకు గడుస్తుందన్న నమ్మకం తక్కువ. ప్రభుత్వం బిరుదులీయవచ్చు, సంఘాలు ఉక్కు సమకూర్చవచ్చు. వాటితోబాటు, తెల్లవారకముందే లేచి కొలిమి మూలన కూర్చుని బొగ్గు నరకడానికి ఒక్క కుర్రవాడు రావలసి ఉన్నది.