మధుకేశ్వరుని చెట్టు

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగ క్షేత్రానికి పోయినవారందరూ మధుకేశ్వరుని దర్శిస్తారు. ఆ పేరులోనే ఉన్న చెట్టును తలచుకొనేవారు మాత్రం అరుదు. మధూకమనగా ఇప్పచెట్టు. శబరనాయకుడొకడు ఇప్పచెట్టును నరకబోగా దాని మొదట శివుడు ముఖరూపంతో సాక్షాత్కరించాడని స్థలపురాణం చెబుతున్నది. కళింగ గాంగుల రాజధానియైన కళింగనగరం ఈ గ్రామమేనని చరిత్రకారులు నిర్ణయించారు. ఆ రాజ్యం అంతరించినా శిలలు నిలిచి ఉన్నవి. ఇక దేవునికి పేరిచ్చిన చెట్టు సంగతి విచారించవలసి ఉన్నది.

అడవులలో ముదురు ఇప్పచెట్లు కనబడినంతగా వాటి పిల్లమొక్కలు కనబడవు. ఇందుకు కారణం దుర్గ్రాహ్యం కాదు. వేసవిలో రాలే పువ్వును ఏరుకొనడానికి వీలుగా చెట్టు క్రింది ఆకులకు నిప్పు పెడతారు. లేత మొలకలు ఆ మంటలో మాడిపోతవి. జ్యేష్ఠాషాఢాలలో పండు రాలగానే గింజలు నూనెకు పోతవి. మిగిలినవి మొలకెత్తితే పశువులు మేస్తవి. పువ్వూ గింజా గిరిజనులకు జీవనాధారం గనుక వారిని నిందించడం న్యాయం కాదు. నాలుగు గింజలు నేలకు మిగల్చడమే మనం చేయగలిగిన పని.

అయితే ఈ గింజ నిలవకు ఓర్చదు. చింతగింజను దాచి మరుసటి ఏడు నాటినా మొలుస్తుంది. ఇప్పగింజ అట్లా కాదు; తడి ఆరి, లోపలి నూనె చెడి, కొద్ది వారాలలోనే ప్రాణం కోల్పోతుంది. కనుక పండు రాలిన రోజులలోనే గుజ్జు కడిగి, ఎండబెట్టక, వెంటనే నాటవలెను. అంగుళం లోతు మించనక్కరలేదు. తల్లివేరు త్వరగా క్రిందికి దిగుతుంది గనుక జానెడుకు మించి లోతుగల సంచి కావలెను. రెండు మూడు వారాలలో మొలక తల ఎత్తుతుంది. తొలిరోజులలో దానికి పలుచని నీడ, మితమైన తడి చాలును. మరుసటి తొలకరికి, వేరు తెగకుండా, మట్టిగడ్డతో సహా నేలలో నాటి, కంచె కట్టవలెను.

మన పాఠశాలలు తెరచే కాలమూ, ఇప్పపండు రాలే కాలమూ ఇంచుమించుగా ఒకటే. ఉపాధ్యాయులకు ఇంతకంటె అనుకూలమైన పాఠ్యవస్తువు ఏది? మధూకశబ్దానికి అర్థం చెప్పిన చేతితోనే విద్యార్థి చేత గింజ నాటించవచ్చును. ఆ చెట్టు పూతకు రావడానికి పదేండ్లు పట్టవచ్చు. అప్పటికి నాటిన బాలుడు బడి విడిచిపోతాడు. అయినా ఆ నీడలో కూర్చునేందుకు మరికొందరు బాలురు వస్తూనే ఉంటారు. గుడిలోని శాసనాలను చదివి కాపాడుకొన్న జాతికి, గుడికి పేరిచ్చిన చెట్టును కాపాడుకొనడం భారం కారాదు.